ఒక్క జీతం, ఇద్దరు పిల్లలు, మూడు రూపాయల వడ్డీ: ముందు ఏది సర్దుకోవాలి?

ప్రశ్న (పేరు వద్దన్న సభ్యురాలు, కూకట్‌పల్లి)

అక్కలందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తాను. జీతం 19,200. కోతలన్నీ పోగా చేతికి 17,466 వస్తుంది. పాపకి 11 ఏళ్లు, బాబుకి 8. మా ఆయన మమ్మల్ని వదిలేసి వేరే ఉంటున్నాడు. విడాకులు కాలేదు, పైసా ఇవ్వడు. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది కాబట్టి పిల్లల్ని చూసుకునే బెంగ మాత్రం లేదు.

అద్దె, కరెంటు కలిపి 6,800. కిందటేడు అమ్మ కంటి ఆపరేషన్‌కీ, పిల్లల ఫీజుకీ తెలిసినావిడ దగ్గర 60,000 తెచ్చాను, మూడు రూపాయల వడ్డీకి. నెలనెలా 1,800 వడ్డీయే కడుతున్నా, అసలు అలాగే ఉంది. మా వీధిలో 50,000 చీటీ ఒకటి వేస్తున్నా. నెలకి 2,500, ఇరవై నెలలది. 12 నెలలు కట్టేశాను, ఇంకా ఎత్తలేదు. మిగిలిన ఆరు వేల చిల్లరతో బియ్యం, పాలు, గ్యాస్, ఫీజులు, మందులు. రాత్రిళ్లు చీరలకి ఫాల్స్ కుడితే ఓ వెయ్యో పదిహేను వందలో వస్తాయి. బస్సు ఫ్రీ కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

ఇప్పుడు నా ఒళ్లు సహకరించడం లేదు. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. నెలసరి ఏడెనిమిది రోజులు విపరీతంగా అవుతోంది. ప్రైవేటులో టెస్టులకి 2,600 అయింది. హిమోగ్లోబిన్ 8.4 అన్నారు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. థైరాయిడ్ మాత్ర (50) ముందు నుంచీ ఉంది. పొద్దున్న లేవగానే మర్చిపోకుండా రెండూ ఒకేసారి వేసేసుకుని, టీ తాగి వంట మొదలుపెడతాను. స్కానింగ్ చేయించుకుని కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. సెలవు పెడితే జీతం కట్. ఆరోగ్యం చూసుకోవాలా, అప్పు చూసుకోవాలా? మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోమంటారా? రాత్రి పడుకుంటే ఇదే టెన్షన్.

సభ్యురాలు, రాజమండ్రి

పాప పేరున సుకన్య సమృద్ధి కట్టు చెల్లీ. 8.2 శాతం వడ్డీ, ఆడపిల్ల పెళ్లికీ చదువుకీ భరోసా.

పేరోల్ (జీతాల లెక్కల) పని చేసే అక్క, నాచారం

రాజమండ్రి అక్కా, పాపకి 11 అని రాశారు కదా. సుకన్య ఖాతా పదేళ్లు నిండకముందే తెరవాలి, కాబట్టి ఆ దారి లేదు. ఉన్నా ఇప్పుడు వద్దనే చెప్తాను. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. అంత అప్పు నెత్తిమీద పెట్టుకుని 8.2 శాతానికి దాచడమంటే రోజూ నష్టపోవడమే.

చెల్లీ, నీ పోస్టులో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అప్పు కాదు. "కోతలన్నీ పోగా" అని ఒక్క మాటలో దాటేశావు చూడు, అది. నీ పేస్లిప్ తీసి చూడు. 19,200 మీద 0.75 శాతం, అంటే 144 రూపాయలు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) కింద పోతున్నాయి. మీ షాపు వాళ్లు ఇంకో 3.25 శాతం, అంటే 624 కలుపుతారు. నెలకి 768 రూపాయల ప్రీమియం నీ పేరు మీద పడుతోంది, నువ్వేమో టెస్టులకి ప్రైవేటులో 2,600 పోశావు. 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి ఇది ఉంటుంది. నీకూ, నీ పిల్లలకీ, నీ మీద ఆధారపడ్డ మీ అమ్మకీ వైద్యం వస్తుంది (అమ్మకి నెలకి 9,000 దాటి ఆదాయం ఉండకూడదు). కిందటేడు ఆ కంటి ఆపరేషన్ కూడా ఇందులోనే అయ్యుండేది. ఇప్పుడది అని లాభం లేదు గానీ, ఇకముందు అమ్మకి ఏ మందులు కావాలన్నా ముందు ఇక్కడికే వెళ్లు.

మీ హెచ్‌ఆర్‌నో, మేనేజర్‌నో నీ ఇన్సూరెన్స్ నంబరు అడిగి, ఈ-పెహచాన్ కార్డు (ఈ బీమా గుర్తింపు కార్డు) ప్రింటు తీయించుకో. అందులో పిల్లల పేర్లు, అమ్మ పేరు ఉన్నాయో లేదో చూడు. చాలామందికి చేరిన రోజు హడావుడిలో ఒక్క పేరే పడి ఉంటుంది. డిస్పెన్సరీ షాపు దగ్గరది రాసి ఉంటే ఇంటి దగ్గరదానికి మార్పించుకోవచ్చు. బ్యాంకు ఖాతా కూడా అందులో ఎక్కిందో లేదో చూసుకో, ఎందుకో కింద చెప్తాను.

డాక్టరు విశ్రాంతి అంటే నువ్వు జీతం పోతుందని భయపడుతున్నావు. ఈఎస్‌ఐలో సిక్‌నెస్ బెనిఫిట్ అని ఉంది. ఈఎస్‌ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే రోజు కూలిలో 70 శాతం చొప్పున నేరుగా నీ ఖాతాలో వేస్తారు. నీ జీతానికి రోజుకి సుమారు 448 అవుతుంది. ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. మామూలుగా మొదటి రెండు రోజులకి రాదు. దీనికి సంబంధించిన ఆరు నెలల్లో కనీసం 78 రోజులు చందా (జీతంలో ఆ కోత) పడి ఉండాలి, రోజూ డ్యూటీ చేసేదానివి కాబట్టి నీకు ఇబ్బంది ఉండదు. ప్రైవేటు డాక్టరు చీటీ మాత్రం దీనికి పనికిరాదు, అది గుర్తుంచుకో.

లైన్లుంటాయి, కాదనను. పొద్దున్నే వెళ్లాలి, ఒక పూట పోతుంది. అయినా మీ కూకట్‌పల్లికి సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గరే. ముందు డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడి నుంచి గైనిక్‌కి రాయించుకో.

స్టాఫ్ నర్సు, విజయవాడ

నేను మాత్రల సంగతి ఒక్కటే చెప్తానమ్మా, అదే ముఖ్యం.

థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర కలిపి వేసుకోకూడదు. ఐరన్ ఉంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. ఆ వెంటనే టీ తాగితే ఐరన్ కూడా పట్టదు. అంటే నువ్వు రెండు మాత్రలూ రోజూ మింగుతున్నావు, రెండూ సగం సగమే పనిచేస్తున్నాయి. నీ నీరసంలో దీని వంతు కూడా ఉండి ఉంటుంది.

ఇలా చెయ్యి. లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర, మామూలు నీళ్లతో. అరగంట నుంచి గంట ఆగి టీ, టిఫిన్. ఐరన్ మాత్రని దానికి కనీసం నాలుగు గంటలు దూరం పెట్టు. షాపులో మధ్యాహ్నం భోజనానికి ముందు, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. వికారంగా ఉంటే తిన్నాక వేసుకో, ఫర్వాలేదు. మజ్జిగ, పాలు, టీ మాత్రం దాంతో వద్దు. క్యాల్షియం మాత్ర రాస్తే దాన్ని రాత్రికి పెట్టుకో. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడి మానేయకు. ఇలా టైము మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) మళ్లీ చూపించుకోవాలి, మందు డోసు మార్చాల్సి రావచ్చు. అందుకని మాత్రల వేళ మార్చిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు.

మామూలుగా ఆడవాళ్లకి 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ నీకు 8.4. నెలనెలా అంత రక్తం పోతుంటే మాత్రలతో ఎంత నింపినా అడుగున చిల్లు ఉన్న బిందె లెక్కే. ఎందుకు అంత పోతోందో స్కానింగ్‌లో తేలాలి. ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో గడ్డ) కావచ్చు, థైరాయిడ్ అదుపులో లేకపోయినా అలా అవుతుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా డిస్పెన్సరీ లైను కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపో.

ప్రశ్న వేసిన సభ్యురాలు

నర్సు అక్కా, రెండూ కలిపి వేసుకోకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. రేపటి నుంచే మారుస్తా. నాచారం అక్కా, కార్డు ప్రింటు తీయించాను. అందులో పిల్లల పేర్లు లేవు, భర్త పేరు ఒక్కటే ఉంది!

పేరోల్ పని చేసే అక్క, నాచారం

అనుకున్నా. పిల్లల ఆధార్లు, అమ్మ ఆధార్, ఫొటోలు హెచ్‌ఆర్‌కి ఇచ్చి ఎక్కించమను. అదే ఊపులో పీఎఫ్ నామినీ కూడా చూసుకో. యూఏఎన్‌తో (నీ పీఎఫ్ నంబరు) లాగిన్ అయితే ఈ-నామినేషన్ అని ఉంటుంది. అక్కడ పిల్లలిద్దరికీ చెరి సగం రాయి. మైనర్లు కాబట్టి గార్డియన్‌గా అమ్మ పేరు పెట్టు. ఇదెందుకంటే పీఎఫ్ ఉన్నవాళ్లకి ఈడీఎల్‌ఐ అని ఒక బీమా కూడా ఉంటుంది, ఉద్యోగంలో ఉండగా ఏదైనా జరిగితే గరిష్ఠంగా 7 లక్షల దాకా నామినీకి వస్తుంది. దానికి నీ జీతంలో నుంచి పైసా కోయరు.

లెక్కల టీచరు, ఖమ్మం

అప్పు సంగతి నేను చెప్తాను. చీటీ పాడెయ్యండి.

ఇంకా ఎనిమిది నెలలు ఉంది. చివరి దాకా ఆగితే పూర్తి 50,000 వస్తుందని ఆగుతున్నారు, అవునా? వచ్చే పాటలో నాలుగు వేలు వదులుకుని 46,000కి ఎత్తారనుకోండి. ఆ 46,000 అప్పుకి కట్టేస్తే నెలకి 1,380 వడ్డీ తగ్గుతుంది. వచ్చే పాట నుంచి చివరి పాట దాకా ఏడు నెలలకి 9,660. నాలుగు వేలు పోయి తొమ్మిది వేల పైన మిగిలాయి. మిగిలిన 14,000 మీద వడ్డీ నెలకి 420. ఆ 1,380లో నెలకి వెయ్యి చొప్పున అసలుకి జమ చేస్తూ పోతే అదీ కరుగుతుంది.

ఇంకో సంగతి. వీధి చీటీ రిజిస్టరు అయినది కాదు. ఆవిడ ఎంత మంచిదైనా మీ 30,000 అక్కడ ఏ రసీదూ లేకుండా ఉంది. ఆ ఒక్క కారణానికైనా త్వరగా ఎత్తుకోవడమే నయం. ఎత్తాక మిగతా ఎనిమిది నెలలూ తప్పకుండా కట్టండి, అది వేరే చెప్పాలా.

సభ్యురాలు, రాజమండ్రి

బంగారం ఏమైనా ఉంటే బ్యాంకులో పెట్టి మొత్తం ఒకేసారి తీర్చెయ్యొచ్చు కదా?

లెక్కల టీచరు, ఖమ్మం

వడ్డీ లెక్కన అది నిజమే. బ్యాంకులో పది శాతం వేసుకున్నా 60,000కి ఏడాదికి 6,000. ఇప్పుడు కడుతున్నది 21,600. కానీ వచ్చేది వైద్యం చేయించుకునే కాలం. ఆ తులమో తులంన్నరో అవసరానికి ఇంట్లో ఉండనివ్వండి. చీటీ పాట మరీ ఎక్కువకి పోతే అప్పుడు బ్యాంకు. ప్రైవేటు ఫైనాన్సుకీ, ఫోన్లో వచ్చే లోన్ యాప్‌లకీ మాత్రం వెళ్లొద్దు.

డబ్బు ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టేసి రావద్దు. ప్రామిసరీ నోటు వెనక ఎంత కట్టారో, ఏ తేదీనో రాసి ఆవిడ సంతకంతో చెల్లు వేయించుకోండి. వీలైతే ఫోన్‌పేలోనో, ఖాతాకో పంపండి. పూర్తిగా తీరిన రోజు నోటు వెనక్కి తీసుకుని గాని ఇంటికి రావద్దు.

న్యాయవాది, వరంగల్

పిల్లల తండ్రి పైసా ఇవ్వడని రాశారు. అక్కడ ఆపేయకండి. బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త నేర విచారణ చట్టం) సెక్షన్ 144 కింద (పాత సీఆర్‌పీసీ 125) మీకూ పిల్లలకీ మనోవర్తి అడగొచ్చు. విడాకులు అక్కర్లేదు. మీరు ఉంటున్న చోటే వేయొచ్చు, ఆయన ఊరు వెళ్లే పని లేదు. కేసు నడుస్తుండగానే మధ్యంతర మనోవర్తి అడగండి. 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కించాలని చెప్పింది. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకు నష్టమే.

లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ముందు 15100కి ఫోన్ చేసినా చెప్తారు. ఆయన ఎక్కడ పనిచేస్తాడో, జీతం ఎంతో, బండి నంబరు, ఏది తెలిసినా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పిల్లల ఫీజు రసీదులు, మీ మందుల బిల్లులు ఒక కవర్లో వేయండి.

ప్రశ్న వేసిన సభ్యురాలు

గొడవలు వద్దని ఇన్నాళ్లూ ఊరుకున్నాను సార్. అమ్మతో మాట్లాడి ఫోన్ చేస్తాను. చీటీ ఆవిడకి వచ్చే నెల నేను పాడతానని చెప్పేశా.

ఇంకొక్క సందేహం. జూన్ నుంచి జీతం 21,500 చేస్తామంటున్నారు. 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుంది కదా? పెంచొద్దని చెప్పమంటారా?

పేరోల్ పని చేసే అక్క, నాచారం

అయ్యో, అలా అస్సలు అనకు! జీతం పెంచనీ. చందా కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం అయ్యేవరకు కోత ఉంటుంది. జూన్‌లో పెరిగితే సెప్టెంబరు దాకా కడతారు, దానికి బెనిఫిట్ వచ్చే జనవరి నుంచి జూన్ దాకా నడుస్తుంది. అంటే పెరిగిన రోజు నుంచి నీకు ఇంకా ఏడాది పైగా ఉంది. స్కానింగ్, ఆపరేషన్ ఏది ఉన్నా ఆలోపు చేయించేసుకో.

ఆ గడువు అయిపోవడానికి కొన్ని నెలల ముందే నీకూ పిల్లలకీ కలిపి ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ ఒకటే ఆరోగ్య బీమా) పాలసీ తీసుకో. పాలసీ తీసుకున్నాక మొదటి 30 రోజులు యాక్సిడెంట్ తప్ప మిగతా జబ్బులకి ఇవ్వరు. ముందు నుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. థైరాయిడ్, రక్తహీనత దాచకుండా ఫారంలో రాయి, లేకపోతే రేపు క్లెయిమ్ అప్పుడు అదే పట్టుకుంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, కోట్ ఇచ్చినప్పుడు అది కలిపారేమో చూసుకో.

ఈ లోపు బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) రెండూ పెట్టించు. ఒక్కోటి 2 లక్షలది. జూన్ ఒకటి నుంచి ఏడాది లెక్క కాబట్టి మే నెలాఖరుకి ఖాతాలో ఓ ఐదొందలు ఉంచు. నామినీ దగ్గర ఎవరి పేరు పడిందో అక్కడ కూడా ఒకసారి చదువుకుని సంతకం పెట్టు.