అతి సంపన్నులు ఎక్కడ నివసించాలో పన్నులే నిర్ణయిస్తాయా?

ప్రశ్న:
ప్రపంచ అసమానతల నివేదిక 2022 లెక్క ప్రకారం ప్రపంచ సంపదలో సుమారు 76 శాతం పైమెట్టున ఉన్న 10 శాతం మంది చేతుల్లో ఉండగా, అడుగున ఉన్న సగం జనాభాకు మిగిలింది 2 శాతమే. సంపద పన్ను (ఆదాయంపై కాక, ఉన్న ఆస్తుల విలువపై వేసే పన్ను) మాట ఎత్తగానే ధనవంతులు దేశం విడిచి వెళ్ళిపోతారన్న హెచ్చరిక వినిపిస్తుంది. అది ఎంతవరకు నిజమో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
కొంత నిజమే. సుమారు రెండు చదరపు కిలోమీటర్ల చిన్న ఐరోపా దేశం మొనాకోలో 1869 నుంచి వ్యక్తిగత ఆదాయపు పన్ను లేకపోవడమే అక్కడికి సంపన్నులు చేరడానికి ప్రధాన కారణం. ఇటలీ 2017లో ఒక పథకం తెచ్చింది: కొత్తగా వచ్చి స్థిరపడినవారు తమ విదేశీ ఆదాయం ఎంతైనా ఏడాదికి లక్ష యూరోలు కడితే చాలు, 2024లో దాన్ని రెండు లక్షలకు పెంచారు. నార్వే 2022లో సంపద పన్ను పెంచిన తరువాత అక్కడి సంపన్నులు కొందరు స్విట్జర్లాండ్‌కు తరలిపోయారు. ఒక దేశం మరో దేశపు పన్ను రాబడిని ఇలా ఆకర్షించుకోవడాన్ని ఆరోగ్యకరమైన పోటీ అనడం నాకు సమ్మతం కాదు.

జవాబు 2:
పై ఉదాహరణలు సరైనవే గాని, వాటినే సాధారణ నియమంగా తీసుకోరాదు. సామాజిక శాస్త్రవేత్త క్రిస్టోబల్ యంగ్, ఆయన సహచరులు అమెరికాలోని పన్ను పత్రాలను పరిశీలించగా, ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా ఆర్జించేవారిలో ఏటా రాష్ట్రం మారేవారు 2.4 శాతం, మొత్తం జనాభాలో 2.9 శాతం అని తేలింది. వ్యాపారం, పరిచయాలు, పిల్లల చదువు, జీవిత భాగస్వామి ఉద్యోగం, ఇవన్నీ వేళ్ళూనుకున్న చోటును వదలడం ఎవరికైనా కష్టమే, సంపాదన అక్కడి మనుషులతోనే ముడిపడి ఉన్నవారికి మరీ కష్టం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే వెళ్ళే కొద్దిమంది చేతిలోనే పెద్ద సంపద ఉంటే నష్టం పెద్దదే కదా?

జవాబు 3:
మీ సందేహం సరైనది. అందుకే చిరునామా మారితే పన్ను బాధ్యత తెగిపోయే చట్టాన్నే మార్చాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అమెరికా తన పౌరులు ఎక్కడ నివసించినా వారి ఆదాయంపై పన్ను విధిస్తుంది. పౌరసత్వం వదులుకునే సంపన్నులకు, ఆస్తులు అమ్మకపోయినా, వాటి విలువలో వచ్చిన పెరుగుదలపై 2008 నుంచి నిష్క్రమణ పన్ను ఉంది. మొనాకోలో స్థిరపడిన ఫ్రెంచ్ పౌరులు సైతం 1963 నాటి ఒప్పందం వల్ల ఫ్రాన్స్‌కు పన్ను కట్టవలసిందే. విదేశీ సంపన్నులకు ఆదాయాన్ని బట్టి కాక జీవన ఖర్చుల ఆధారంగా పన్ను లెక్కగట్టే పద్ధతిని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ప్రాంత ఓటర్లు 2009లో రద్దు చేశారు. 2014లో దేశమంతటా రద్దు చేయాలన్న ప్రతిపాదనను మాత్రం స్విస్ ఓటర్లు తిరస్కరించారు కనుక, ఇతర ప్రాంతాలు ఆ పద్ధతిని కొనసాగించడానికి వీలు మిగిలింది.