వార్ రిక్వియమ్ కచేరీకి వెళ్తున్నాం, ఏం తెలుసుకుని వెళ్లాలి?

ప్రశ్న (ఇంగ్లండ్‌లోని లెస్టర్ ఊరి నుంచి): నమస్కారం అండీ. మా ఆఫీసులో ఒకావిడ ఇక్కడి కోరస్‌లో, అంటే బృందగానం చేసే సంఘంలో, పాడుతుంది. నవంబర్‌లో ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ రాసిన వార్ రిక్వియమ్ పాడుతున్నారట. యుద్ధంలో పోయినవాళ్ల కోసం అని చెప్పి మా దంపతులకు రెండు టికెట్లు ఇచ్చింది. మాకు కర్ణాటక సంగీతం కాస్త తెలుసు గానీ ఇది బొత్తిగా కొత్త. లాటిన్‌లో ఉంటుందట. ఇంతకీ ఇది కచేరీయా, చర్చి ప్రార్థనా? ఏం వేసుకోవాలి? చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? ఏడేళ్ల పాపకి ఇంకో టికెట్ కొనమంటారా? అందరిలో తెల్లమొహం వేస్తామేమోనని టెన్షన్‌గా ఉంది.

నాటింగ్‌హామ్ సభ్యుడు: బట్టల గురించి దిగులొద్దు. ఆఫీసుకి వేసుకెళ్లేవి చాలు, చీరైనా ఎవరూ వింతగా చూడరు. నవంబర్ కాబట్టి, యుద్ధాల్లో పోయినవాళ్ల గుర్తుగా చాలామంది కోటుకి ఎర్ర పాపీ పువ్వు పెట్టుకుంటారు. మీరూ పెట్టుకోవాలని రూలేం లేదు. టైముకి మాత్రం వెళ్లండి. మొదలయ్యాక తలుపులు తీయకపోవచ్చు.

కోరస్‌లో ఆల్టో (ఆడవాళ్లలో కింది గొంతు) పాడే సభ్యురాలు: ఇది కచేరీయేనండీ. మాటలు మాత్రం సగం చర్చివే. చనిపోయినవారి కోసం కేథలిక్కులు లాటిన్‌లో చేసే ప్రార్థన అది. తక్కిన సగం విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఇంగ్లిష్‌లో రాసిన తొమ్మిది కవితలు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైనికుడు. యుద్ధం ముగియడానికి వారం ముందు, 1918 నవంబర్ 4న, పాతికేళ్ల వయసులో ఫ్రాన్స్‌లో చనిపోయాడు. ప్రార్థన ఓ మాటంటే కవిత దానికి అడ్డు తగులుతుంది. ఈ తగువు మీ చెవికి అందితే చాలు, సంగీత శాస్త్రం ఏమీ అక్కర్లేదు.

అందుకే ఎవరు పాడుతున్నారో చూస్తూ ఉండండి. పెద్ద కోరస్, పెద్ద ఆర్కెస్ట్రా, సొప్రానో (ఆడవాళ్లలో పై గొంతు) గాయని, వీళ్లది లాటిన్. పన్నెండు వాయిద్యాల చిన్న బృందంతో ఒక టెనర్ (మగవాళ్లలో పై గొంతు), ఒక బారిటోన్ (దానికంటే కింది గొంతు) ఉంటారు. వాళ్లిద్దరూ సైనికులన్నమాట, కవితలు వాళ్లవి. పిల్లల కోరస్ బాల్కనీలోనో తెరవెనకో ఉంటుంది. వాళ్ల గొంతులు దూరం నుంచి వస్తున్నట్టే వినబడాలి.

మొత్తం ఆరు భాగాలు. మూడో భాగం, ఆఫర్టోరియం దగ్గర చెవి రిక్కించండి. 'అబ్రహాముకీ అతని సంతానానికీ మాటిచ్చావు కదా' అని కోరస్ దేవుడికి హుషారుగా గుర్తుచేస్తుంది. వెంటనే సైనికులిద్దరూ ఆ అబ్రహాము కథే ఎత్తుకుంటారు. బైబిల్లో దేవుడి ఆజ్ఞ మీద అబ్రహాము కొడుకుని బలివ్వబోతే దేవదూత ఆపుతాడు, కొడుకు బతుకుతాడు, పొట్టేలు బలవుతుంది. ఓవెన్ కవితలో ముసలాయన దేవదూత మాట వినడు. కొడుకుని చంపేస్తాడు, వాడితో పాటు యూరప్ సంతానంలో సగాన్ని ఒక్కొక్కరిగా. ఆ చివరి మాటల్ని ఇద్దరూ మళ్లీ మళ్లీ పాడుతుంటే, దూరం నుంచి పిల్లలు 'ఈ బలిని స్వీకరించు' అని లాటిన్‌లో అందుకుంటారు. ఆ తర్వాత మేం మా హుషారు పాటనే మళ్లీ పాడాలి, ఈసారి గుసగుసగా. ఎన్ని రిహార్సల్స్ అయినా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

హైదరాబాద్ సభ్యుడు: అడగకూడదేమో గానీ, బ్రిటిష్ సైనికుల కోసం మనం బాధపడటమేంటి? ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షలమందికి పైగా పంపారు. 70 వేలమందికి పైగా పోయారు. వాళ్ల ఊసుందా ఇందులో?

ఆల్టో సభ్యురాలు: లేదండీ, మీరన్నది నిజమే. కానీ ఇది బ్రిటన్ గొప్ప చెప్పే పాట కూడా కాదు. సంగీతం రాసిన బెంజమిన్ బ్రిటెన్ రెండో ప్రపంచ యుద్ధంలో చేరనని అధికారికంగా చెప్పి మినహాయింపు తీసుకున్న మనిషి. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ ఊరి కేథడ్రల్ (పెద్ద చర్చి) కాలిపోయింది. పక్కనే కొత్తది కట్టి ప్రారంభించినప్పుడు, 1962 మే 30న, దీన్ని తొలిసారి పాడారు. టెనర్ ఇంగ్లిష్‌వాడు పీటర్ పియర్స్, బారిటోన్ జర్మన్ డీట్రిష్ ఫిషర్-డీస్కౌ. సొప్రానోగా రష్యన్ గాయని గలీనా విష్నేవ్‌స్కాయా పాడాలని బ్రిటెన్ కోరిక. సోవియట్ ప్రభుత్వం ఆమెని పంపలేదు, హెదర్ హార్పర్ పాడింది. చివరి భాగంలో ఇద్దరు చనిపోయిన సైనికులు కలుసుకుంటారు. 'నేస్తం, నువ్వు చంపిన శత్రువుని నేనే' అంటాడు ఒకడు. ఆ మాట మొదట పాడింది యుద్ధంలో నిజంగా జర్మన్ సైన్యంలో పనిచేసిన ఫిషర్-డీస్కౌ.

వీణ టీచర్ (విజయవాడ): కర్ణాటకం తెలుసన్నారు కాబట్టి ఒక కిటుకు. మొదట్లోనే గంటలు రెండు స్వరాల్లో మోగుతాయి, కోరస్ కూడా వాటి మీదే పాడుతుంది. ఒకటి షడ్జం (స) అనుకుంటే రెండోది ప్రతి మధ్యమం (రెండు 'మ'లలో పైది). కల్యాణి రాగంలో ఆ మధ్యమం మనకి హాయిగానే ఉంటుంది, ఎందుకంటే వెనక తంబురా పంచమం (ప) పట్టుకుని ఉంటుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. అందుకే కాలు నిలవనట్టు అనిపిస్తుంది. అపస్వరం అనుకోకండి, కావాలనే పెట్టారు. ఒకటి, రెండు, ఆరు భాగాల చివర కోరస్ ఆ రెండు స్వరాల నుంచి జారి ఒక ప్రశాంతమైన మేళవింపు మీద ఆగుతుంది. నాకైతే ఆ శాంతి మీద పూర్తిగా నమ్మకం కుదరదు, గంటలు అప్పటిదాకా మోగుతూనే ఉన్నాయి కదా!

అడిగినవారు: ఈ ప్రతి మధ్యమం సంగతి మావారికి చదివి వినిపించాను, ఆయనకీ ఉత్సాహం వచ్చింది. చాలా థాంక్స్ టీచర్‌గారూ. మరి చప్పట్లు? పాప?

ఆల్టో సభ్యురాలు: భాగానికీ భాగానికీ మధ్య కొట్టరు. చివర్లో కండక్టర్, అంటే ముందు నిలబడి చేతులతో బృందాన్ని నడిపించేవారు, చేతులు పూర్తిగా దించేదాకా ఆగండి, పక్కవాళ్లు మొదలుపెట్టాకే మీరూ కొట్టండి. కోవెంట్రీలో మొదటిసారి అసలు చప్పట్లే వద్దన్నారు. మీ హాల్లోనూ అలా కోరితే ప్రోగ్రాం పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం తప్పకుండా కొనండి, లాటిన్‌కి ఇంగ్లిష్ అర్థం, కవితలు అందులో ఉంటాయి. వీలైతే ముందురోజే నెట్‌లో ఓవెన్ కవితలు చదువుకోండి. పాడేటప్పుడు కాగితంలో తల పెడితే స్టేజి చూడలేరు.

పాప విషయంలో నా సలహా, వద్దనే. దాదాపు గంటన్నర, సాధారణంగా ఇంటర్వల్ ఉండదు. రెండో భాగంలో ట్రంపెట్లూ డ్రమ్ములూ ఒక్కసారిగా విరుచుకుపడతాయి, పెద్దవాళ్లే ఉలిక్కిపడతారు.

నాటింగ్‌హామ్ సభ్యుడు: పాపని తర్వాత ఓ శనివారం కోవెంట్రీ తీసుకెళ్లండి. కాలిన కేథడ్రల్ గోడలు అలాగే ఉంచారు, కొత్తది ఆనుకునే ఉంటుంది. పిల్లలకి చూసి అడగడానికి చాలా ఉంటాయి.

అడిగినవారు: అయితే పాప ఆ సాయంత్రం మా ఆడపడుచు దగ్గర. ముందుగా ఏదైనా రికార్డింగ్ వినమంటారా?

ఆల్టో సభ్యురాలు: 1963లో బ్రిటెన్ స్వయంగా చేయించిన డెక్కా కంపెనీ రికార్డింగ్ ఉంది. అందులో విష్నేవ్‌స్కాయానే పాడింది. మొత్తం వద్దు, మొదటి భాగం, ఆఫర్టోరియం వినండి చాలు. ఇంకోటి, హాల్లో కూర్చునే ముందే బాత్రూంకి వెళ్లి రండి. మధ్యలో లేస్తే వరుస మొత్తం లేవాలి.