నాటు కుక్కపిల్లకి రేబిస్ సూది ఒక్కటి చాలదా?

పర్లాకిమిడి కోడలు:
మా వీధి కుక్క ఈనితే ఒక పిల్లని ఇంటికి తెచ్చుకున్నాం. నెలన్నర ఉంటుంది. పాతపట్నంలో డాక్టరుగారికి చూపిస్తే సెవెన్ ఇన్ వన్ (ఏడింటికి కలిపి ఒకే సూదిగా వేసే టీకా) మూడు నాలుగు డోసులు, ఆపైన రేబిస్ అన్నారు. మా మావయ్యగారేమో నాటుకుక్కకి అవన్నీ దండగ, మూడు నెలలు నిండాక రేబిస్ వేయిస్తే చాలంటున్నారు. మీ ఇళ్ళలో ఏం చేశారు?

గుణుపురం బావ:
మీ మావయ్యగారి మాటే నాదీను. మా పొలం దగ్గర కుక్కలు గంజి తాగి పెరిగాయి, ఒక్కదానికీ ఏ రోగమూ రాలేదు. పార్వో, డిస్టెంపరు లాంటి ప్రాణం తీసే వైరస్ జబ్బులు కొనుక్కొచ్చిన సీమకుక్కలకి వచ్చేవి. పిల్లని సంచిలో పెట్టుకుని మూడేసి వారాలకోసారి బస్సెక్కడం కూలీనాలీ చేసుకునేవాళ్ళకి అయ్యే పనేనా? రేబిస్ మాత్రం మనుషుల కోసం తప్పదు.

రాయగడ అక్క:
బావగారూ, పొలం దగ్గర మీకు కనిపించేవి బతికి బట్టకట్టినవే. ఒక ఈతలో పుట్టినవాటిలో ఏడాది దాటేవి ఎన్నో ఎవరైనా లెక్కపెట్టారా? మూలన ముడుచుకుని, వాంతులూ నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతే దిష్టి అనో ఎండదెబ్బ అనో అనేసి ఊరవతల పారేస్తాం. వాటిలో చాలావరకు పార్వో చావులే అయ్యుంటాయి. 1978 ప్రాంతంలో బయటపడి రెండేళ్ళలో దేశదేశాలకీ పాకిన వైరస్ అది. కొన్ని సీమజాతుల్లో ఎక్కువ ముదురుతుంది, ఆ మాట నిజమే. అలాగని టీకా లేని నాటుపిల్లని వదిలిపెట్టదు. నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిలుకి చావదు, బ్లీచింగు నీళ్ళు పడాలి. ఒక పిల్ల పోయిన పెరట్లోకే ఇంకోదాన్ని తెచ్చి, అదీ పోతే "మా ఇంటికి కుక్క అచ్చిరాదు" అంటారు. ఆ మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక అన్ని డోసులెందుకంటే, కారణం ముర్రుపాలలో ఉంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నన్నాళ్ళూ మనం వేయించిన టీకాని కూడా పనిచేయనివ్వదు. అది ఒక పిల్లలో 6–8 వారాలకే దిగిపోతుంది, దాని తోబుట్టువులో 14–16 వారాల దాకా ఉండొచ్చు. ఎప్పుడు దిగిందో పైకి చూస్తే తెలీదు. అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ, 16 వారాలు నిండాక ఆఖరిది వేస్తారు. మనవైపు చాలామంది రెండు డోసులతో, మూడో నెలలోనే ఆపేస్తున్నారు. దెబ్బ తగిలేది అక్కడే. కూలి పోతుందనో, దారి దూరమనో ఒక్క డోసే వేయించగలిగేవాళ్ళు ఆ ఒక్కటీ 16 వారాలు దాటాక వేయించండి. పెంపుడు జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ చెప్పేదీ అదే. రేబిస్ సూది కూడా ఆ రోజే వేయించుకోవచ్చు, రెండుసార్లు తిరగక్కర్లేదు. అప్పటిదాకా పిల్ల వీధి మట్టి తొక్కకూడదు.

కోడలు గారూ, నులిపురుగుల మందు పట్టించారా? ఏలికపాములు తల్లి కడుపులోంచే వస్తాయి. రెండో వారం నుంచి మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి పట్టించాలి. మోతాదు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి.

బరంపురం నుంచి:
అక్క చెప్పనిది ఒకటుంది. వానాకాలం ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళ నుంచి వచ్చే లెప్టో (లెప్టోస్పైరోసిస్) అనే జబ్బు మనుషులకీ అంటుతుంది. వరిపొలాల పక్కన ఉండేవాళ్ళు సెవెన్ ఇన్ వన్‌లోని ఆ భాగాన్ని ఏటా వేయించాలి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పిల్లని నేలమీద దించకండి, ఒళ్ళోనే ఉంచుకోండి. జబ్బు కుక్కలు వచ్చేదీ అక్కడికే కదా.

గుణుపురం బావ:
16 వారాల సంగతి నాకు తెలీదు, అది ఒప్పుకుంటాను. కానీ మందు చల్లదనం మాటేమిటి? 2–8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సీసా ఎండలో మా ఊరొచ్చేసరికి ఏమవుతుంది? పనిచేయని సూదికి డబ్బు పోయడం నాకు నచ్చదు.

రాయగడ అక్క:
సరైన అనుమానమే. మందులషాపులో సీసా కొని జేబులో వేసుకొచ్చి, ఊళ్ళో ఎవరిచేతో పొడిపించుకోవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి, పొడిలో నీళ్ళ మందు కలిపి మన కళ్ళముందే వేసే చోటికే పిల్లని తీసుకెళ్ళాలి. సీసా మీది చీటీ కార్డులో అంటించి, సంతకం, తేదీ వేయించుకోండి.

పర్లాకిమిడి కోడలు:
అందరికీ దండాలు. మా మావయ్యగారికి ఇదంతా చదివి వినిపించాను, ఆఖరి డోసుకి తనే తీసుకెళ్తానన్నారు. ఇంకొక్కటి. నిన్న మా చంటోడి చేతిమీద దాని పంటిగాటు పడింది, కాస్త రక్తం వచ్చింది. పాలపళ్ళే కదా అని అత్తయ్య పసుపు పెట్టారు.

రాయగడ అక్క:
పాలపళ్ళయినా రేబిస్ రావచ్చమ్మా. పసుపు కడిగేయండి. సబ్బుతో, ధారగా పారే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి, ఇవాళే బాబుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం వచ్చిందని తప్పకుండా చెప్పండి, అలాంటి గాటుకి టీకాతో పాటు గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా వేయాలి. టీకా చర్మంలోకి వేస్తే ఇవాళ, తర్వాత 3, 7, 28 రోజులకి; కండలోకి వేస్తే 14వ రోజున కూడా ఉంటుంది. బొడ్డు చుట్టూ పొడిచే పాత సూదులు ఎప్పుడో పోయాయి, బాబుకి భయం లేదని చెప్పండి. కుక్కపిల్లని 10 రోజులు కట్టి ఉంచి, తిండి మానేసినా, నడక తేడాగా ఉన్నా వెంటనే డాక్టరుకి కబురు పెట్టండి. వెళ్ళొచ్చాక ఇక్కడ రాయండి.