డాలస్ వైపు: పిల్లలకీ పెద్దవాళ్లకీ అర్జెంట్ కేర్ ఎప్పుడు, ఈఆర్ ఎప్పుడు?

కొత్తకాపురం_ఫ్రిస్కో:
నమస్కారం అండి. హైదరాబాద్ నుంచి ఫ్రిస్కో వచ్చి రెండు నెలలు. పాపకి 5 ఏళ్లు, బాబుకి 8 నెలలు, బరువు 8.5 కిలోలు. వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. మామయ్యగారికి బీపీ, షుగర్. పిల్లల డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే జ్వరానికి కూడా రేపు, ఎల్లుండి అంటున్నారు. ఇంటికి దగ్గర్లో అర్జెంట్ కేర్‌లు మూడు, విడిగా కట్టిన ఎమర్జెన్సీ రూములు (ఈఆర్‌లు) రెండు ఉన్నాయి. బయట నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. దేనికి ఎక్కడికి వెళ్లాలి? బిల్లులో తేడా ఏమిటి? విజిటర్ ఇన్సూరెన్స్‌తో పెద్దవాళ్లని చూస్తారా?

ట్రయాజ్‌డెస్క్:
అవసరం పడకముందే అడిగారు, మంచి పని చేశారు.

అర్జెంట్ కేర్ అంటే అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లే క్లినిక్. చాలావరకు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, శని, ఆదివారాల్లో కూడా తీసే ఉంటుంది. ఎక్స్‌రే తీస్తారు, గొంతు, ఫ్లూ, కోవిడ్, మూత్రం పరీక్షలు అక్కడే చేస్తారు, కుట్లు వేస్తారు, బెణుకులకి స్ప్లింట్ కడతారు. సీటీ స్కాన్ మాత్రం సాధారణంగా ఉండదు. గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఫలితం కూడా వెంటనే రాదు. ఈ రెండూ లేవని గుర్తుంటే ఎక్కడికి వెళ్లాలన్నది చాలాసార్లు దానంతటదే తేలిపోతుంది.

మీ పాప వయసు పిల్లలకి ఎక్కువగా వచ్చేవి చెవిపోటు, గొంతునొప్పి, కళ్లకలక, మూత్రంలో మంట. ఇవన్నీ అర్జెంట్ కేర్ పనులే. గొంతు విషయం కాస్త వివరంగా చెప్తాను. స్ట్రెప్ అనే బ్యాక్టీరియా ఉందో లేదో చూసే ర్యాపిడ్ టెస్ట్ పది నిమిషాల్లో తేలుతుంది. పిల్లల్లో అది నెగటివ్ వచ్చినా కల్చర్‌కి (ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకి) పంపాలి, ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. పంపారా లేదా అని బయటికి వచ్చేముందే అడగండి, ఫోన్ నంబర్ సరిగ్గా రాశారో చూసుకోండి. పాజిటివ్ వస్తే మామూలుగా అమాక్సిసిలిన్ 10 రోజులు రాస్తారు. మూడో రోజుకి పిల్ల ఆడుకుంటోంది కదా అని ఆపేయకూడదు. జలుబు, దగ్గు, బొంగురు గొంతు కలిసి ఉంటే అది ఎక్కువగా వైరస్. అప్పుడు యాంటీబయోటిక్ రాయలేదని బాధపడకండి.

చెయ్యి పట్టుకుని గబుక్కున లాగాక పిల్లలు ఆ చెయ్యి కదపకుండా వేలాడేసుకుంటే మోచెయ్యి కీలు జారి ఉండొచ్చు. ఒకటి నుంచి నాలుగేళ్ల వాళ్లలో ఎక్కువ. తెలిసినవాళ్లు ఒక్క తిప్పుతో సరిచేస్తారు, కాసేపటికే పిల్ల ఆ చేత్తో బొమ్మ అందుకుంటుంది. కింద పడి దెబ్బ తగిలినా, వాపు ఉన్నా ముందు ఎక్స్‌రే.

తెగిన గాయానికి కుట్లు పడాలంటే అదే రోజు వెళ్లాలి, 6 నుంచి 8 గంటల్లో అయితే మంచిది. దెబ్బ తగిలిన ప్రతిసారీ టీటీ ఇంజక్షన్ వేయించుకోవడం మనకి అలవాటు. ఇక్కడ చివరి డోసు ఎప్పుడో అడుగుతారు: శుభ్రమైన చిన్న గాయమైతే 10 ఏళ్లు, మట్టి పట్టిన గాయమైతే 5 ఏళ్లు దాటితేనే వేస్తారు. టీకాల కార్డు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి.

నేరుగా ఈఆర్‌కి వెళ్లాల్సినవి: మూడు నెలల లోపు పాపాయికి 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, ఎనిమిది గంటలైనా డైపర్ తడవకపోవడం, తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పడం లేదా మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, మెడ బిగుసుకుపోవడం.

మామయ్యగారి విషయంలో ఛాతీ బరువు, చెమటలు, మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు చెయ్యి పట్టు తప్పడం కనిపిస్తే కారు తీయకండి, 911 కి ఫోన్ చేయండి. అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే వాళ్లు ఈసీజీ తీసి మళ్లీ 911 కే చేస్తారు, మధ్యలో సమయం పోతుంది. స్ట్రోక్‌లో గడ్డ కరిగించే మందు మనిషి చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి సాధారణంగా 4.5 గంటల లోపే ఇస్తారు, అదీ సీటీ అయ్యాకే. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసి అంబులెన్స్ వాళ్లకి ఇవ్వండి.

బిల్లింగ్‌కోడర్:
ముందు బోర్డు చదవండి. "ఎమర్జెన్సీ" అన్న మాట ఉందంటే, భవనం ఎంత చిన్నదైనా, పక్కన టీకొట్టు ఉన్నా, అది ఈఆర్. టెక్సాస్‌లో ఆసుపత్రికి దూరంగా విడిగా నడిచే ఈఆర్‌లకి లైసెన్స్ ఇచ్చే చట్టం 2009 లో వచ్చింది. వాటిలో 24 గంటలూ డాక్టర్ ఉంటారు, సీటీ ఉంటుంది. కానీ బిల్లు మొత్తం ఈఆర్ ధరలోనే వస్తుంది: డాక్టర్ ఫీజు ఒకటి, ఆ చోటు వాడుకున్నందుకు ఫెసిలిటీ ఫీజు ఒకటి. చెవిపోటుకి వెళ్లినా అంతే. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అక్కడి నుంచి ఇంకో అంబులెన్స్.

మీ ప్లాన్‌కి "సమ్మరీ ఆఫ్ బెనిఫిట్స్ అండ్ కవరేజ్" అన్న కాగితం ఉంటుంది. అందులో "వెంటనే వైద్యం కావాలంటే" అన్న భాగంలో ఎమర్జెన్సీ రూమ్, అర్జెంట్ కేర్ వరసలు దగ్గర దగ్గరగా ఉంటాయి. రెండు అంకెలూ ఇవాళే చూసి ఫ్రిజ్ మీద అంటించండి. హై డిడక్టబుల్ ప్లాన్ అయితే డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు ఏడాదిలో మీరు కట్టాల్సిన మొత్తం) నిండేదాకా కోపే (ఒక్కో విజిట్‌కి కట్టే స్థిరమైన మొత్తం) ఉండదు, ఇన్సూరెన్స్ క్లినిక్‌తో కుదుర్చుకున్న పూర్తి ధర మీదే. దానికి హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) కార్డు వాడుకోవచ్చు.

చాలామంది పొరపడేది ఇక్కడే. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ఈఆర్‌లో నెట్‌వర్క్ బయటి (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేని) డాక్టర్ వేసే అదనపు బిల్లు నుంచి కాపాడుతుంది. మామూలు అర్జెంట్ కేర్‌కి ఆ రక్షణ సాధారణంగా వర్తించదు. అందుకని నెట్‌వర్క్‌లో ఉందో లేదో ఇన్సూరెన్స్ యాప్‌లో అడ్రస్‌తో సహా చూడండి. ఒకే పేరున్న గొలుసు క్లినిక్‌లలో ఒక బ్రాంచ్ ఉండి ఇంకోటి లేకపోవచ్చు. కౌంటర్ దగ్గర "మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం" అన్నంత మాత్రాన నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కాదు.

అడగాల్సినవి ఇంకా రెండు: ఇది ఆసుపత్రి అనుబంధ క్లినిక్కా, ఫెసిలిటీ ఫీజు వేస్తారా? శాంపిల్ బయటి ల్యాబ్‌కి పంపితే ఏ ల్యాబ్‌కి? తర్వాత ఇన్సూరెన్స్ నుంచి వచ్చే ఈఓబీ (దేనికి ఎంత ఇచ్చారో చెప్పే వివరణ పత్రం) బిల్లు కాదు, కంగారుపడి కట్టకండి. అందులో విజిట్‌ని ఎమర్జెన్సీగానో ఆసుపత్రి అవుట్‌పేషెంట్‌గానో చూపిస్తే క్లినిక్ బిల్లింగ్‌కి ఫోన్ చేసి ప్లేస్ ఆఫ్ సర్వీస్ కోడ్ (ఎలాంటి చోట చూశారో చెప్పే అంకె) అడగండి. అర్జెంట్ కేర్‌కి 20, ఈఆర్‌కి 23. తప్పు పడితే సరిదిద్ది మళ్లీ పంపమని అడిగే హక్కు మీకుంది.

విజిటర్ ఇన్సూరెన్స్‌తో అర్జెంట్ కేర్‌లో చూస్తారు, కానీ చాలాచోట్ల ముందు డబ్బు కట్టించుకుంటారు, మీరు తర్వాత క్లెయిమ్ పెట్టుకోవాలి. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ అయితే ఒక్కో విజిట్‌కి ఇంత అని మాత్రమే ఇస్తుంది, మిగతాది మీది. అసలు ఖర్చులో వాటా ఇచ్చే కాంప్రిహెన్సివ్ ప్లాన్ తీసుకోండి. అందులో కూడా ముందే ఉన్న బీపీ, షుగర్‌ల రోజువారీ వైద్యానికి ఇవ్వరు. హఠాత్తుగా ముదిరితే కొన్ని ప్లాన్‌లు పరిమితితో ఇస్తాయి. పాలసీలో ఆ పేరా మొత్తం చదవాలి. ఒక్కమాట గట్టిగా చెప్తాను: ప్రాణం మీదకి వస్తే ఇన్సూరెన్స్ గురించి ఆలోచించకండి. 1986 నాటి ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఆసుపత్రి ఈఆర్ ముందు పరీక్షించి, పరిస్థితి నిలకడగా చేయాలి. డబ్బు సంగతి ఆ తర్వాతే.

మందుల_మనిషి:
పైవాళ్లు చెప్పని ప్రమాదం ఒకటుంది, సూట్‌కేసులో వచ్చే సిరప్. ఇక్కడి పిల్లల టైలెనాల్ 5 మిల్లీలీటర్లలో 160 మిల్లీగ్రాములు. మన దగ్గర పారాసిటమాల్ సిరప్‌లు అదే 5 మిల్లీలీటర్లకి 120, 125, 250 ఇలా రకరకాలు. మీ బాబు బరువుకి ఇక్కడి చార్టు ప్రకారం 3.75 మిల్లీలీటర్లు, అంటే 120 మిల్లీగ్రాములు. అదే 3.75 ని 250 సీసాలోంచి పోస్తే 187 దాటుతుంది. కిలోకి 15 మిల్లీగ్రాములు మించకూడనిది 22 అవుతుంది, నాలుగైదుసార్లు పోస్తే లివర్ మీద పడుతుంది. ఇంట్లో ఒకే సీసా, దాంతో వచ్చిన సిరంజే ఉంచండి. అసిటమినోఫెన్, పారాసిటమాల్ ఒకటే మందు. అర్జెంట్ కేర్‌లో "ఏం ఇచ్చారు?" అంటే మిల్లీగ్రాములు, సమయం చెప్పండి.

మామయ్యగారి మందుల పట్టీ జనరిక్ పేర్లతో రాయించండి. టెల్మా అంటే ఇక్కడ తెలియదు, టెల్మిసార్టన్ 40 అంటే తెలుస్తుంది. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్. మనవాళ్లు చాలామంది వాడే విల్డాగ్లిప్టిన్‌కి అమెరికాలో అనుమతి లేదు, ఏ అర్జెంట్ కేర్ రాసినా ఫార్మసీలో దొరకదు. మందులు 90 రోజులకి మించకుండా తెచ్చుకోమని ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) సూచన. మిగతా మూడు నెలలకి ఏం చేయాలో బయల్దేరేముందే అక్కడి డాక్టర్‌ని అడిగించండి.

కొత్తకాపురం_ఫ్రిస్కో:
చాలా థ్యాంక్స్ అండి. 8 నెలల బాబుని ఏ అర్జెంట్ కేర్ అయినా చూస్తుందా?

ట్రయాజ్‌డెస్క్:
కొన్నిచోట్ల 6 నెలల లోపు, కొన్నిచోట్ల ఏడాది లోపు పిల్లల్ని చూడరు. ఆ మూడింటికీ ఫోన్ చేసి వయసు పరిమితి, ఎక్స్‌రే టెక్నీషియన్ ఉండే వేళలు, చివరి రిజిస్ట్రేషన్ టైమ్ అడగండి. 8 కి మూస్తారంటే 7:30 కే పేర్లు రాయడం ఆపేసే చోట్లు ఉన్నాయి. పిల్లలకే ప్రత్యేకమైన అర్జెంట్ కేర్ దగ్గర్లో ఉంటే బాబుకి అదే మొదటి ఎంపిక. రాత్రిపూట అనుమానంగా ఉంటే చాలా ప్లాన్‌లకి ఇన్సూరెన్స్ కార్డు వెనక నర్స్ లైన్ (ఫోన్‌లో నర్సు సలహా ఇచ్చే) నంబర్ ఉంటుంది, ఎక్కువగా 24 గంటలూ పలుకుతారు. చూపించుకున్నాక ఇచ్చే విజిట్ సమ్మరీని మర్నాడే మీ పిల్లల డాక్టర్ ఆఫీసుకి పంపండి, లేకపోతే వాళ్ల రికార్డులో అది చేరదు.