ఎలెసిన్ ఓడింది ఎవరి చేతిలో?

తెరవెనుక:
నైజీరియా రచయిత వోలే సోయింకా 1975 నాటి నాటకం ‘డెత్ అండ్ ద కింగ్స్ హార్స్‌మన్’ మళ్లీ చదివాను. 1940లలో నైజీరియాలోని ఓయోలో జరిగిన ఘటన దానికి మూలం. రాజు పోయిన నెలకు అశ్వాధిపతి ఎలెసిన్ తానూ ప్రాణం విడిచి ఆయన వెంట వెళ్లాలి. బ్రిటిష్ జిల్లా అధికారి పిల్కింగ్స్ అడ్డుపడి అతన్ని బంధిస్తాడు. దీన్ని రెండు సంస్కృతుల తగాదాగా కుదించవద్దని రచయితే ముందుమాటలో హెచ్చరించాడు. అయినా మన విమర్శకులది పాడిందే పాట.

కృష్ణాతీరం:
రచయిత వద్దంటే మనం కళ్లు మూసుకోవాలా? సంకెళ్లు వేసింది ఎవరు? పూర్వీకుల ఆత్మలకు ప్రతీకైన ఎగుంగున్ వేషాన్ని జప్తు చేసి, తొడుక్కుని టాంగో ఆడింది ఎవరు?

తెరవెనుక:
సంకెళ్లు పడకముందే ఎలెసిన్ తడబడ్డాడు. సంత ముగిసే వేళ, సంతలోని ఆడవాళ్ల పెద్ద ఇయలోజా కొడుకుకు నిశ్చయమైన పిల్లను చూసి ఆ రాత్రికే పెళ్లాడతానన్నాడు. ఈ లోకం మీది ఆశ కూడా తనను వెనక్కి లాగిందని చివరి అంకంలో ఆ పిల్ల ముందే ఒప్పుకుంటాడు.

గాలివాన:
నాయకుడి లోపం, పతనం. గ్రీకు ట్రాజెడీయే కదా!

తెరవెనుక:
కాదు. సోయింకా దృష్టిలో తొలి విషాద నాయకుడు యొరుబా జాతి దేవుడు ఓగున్. దేవతలకూ మనుషులకూ మధ్య ఉన్న అగాధంలోకి ముందుగా దూకి దారి చేసినవాడు. ఎలెసిన్ దాటవలసిందీ అలాంటి అగాధమే. చనిపోయినవారు, బతికున్నవారు, ఇంకా పుట్టనివారు, అందరినీ కలిపే దారి అది. అతను ఆగిపోతే ఊరంతా తెగిపోతుంది.

పాతతెర:
నాటకం మంగళాంతం కావాలన్న కట్టు మనకూ ఉండేది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో దాన్ని దాటారు.

కృష్ణాతీరం:
ఈ ‘లోపం’ మాట నాకు కొత్త కాదు. పదిహేనేళ్ల క్రితం ఒక పోటీకి అప్పులతో చనిపోయిన రైతు మీద నాటకం పంపాను. రైతులో లోపం లేదు కనుక ట్రాజెడీ కాదని న్యాయనిర్ణేత ఒకరు పక్కన పెట్టారు. అప్పిచ్చినవాడి పాపం లెక్కలోకి రాదా? ఇక్కడ మీరు పిల్కింగ్స్‌ను వదిలేస్తున్నదీ అలాగే.

తెరవెనుక:
మీ గాయాన్ని తెచ్చి ఓయోకు అంటగట్టకండి.

మంజీర:
మీరిద్దరూ అసలు మాట దాటవేస్తున్నారు. అతను చావాలా? మా ముత్తమ్మమ్మకు పదహారేళ్లకే వైధవ్యం వచ్చింది. వంశ గౌరవమంటూ తల గొరిగించారు. ఆమె దాచుకున్న జడపాయ, ఎర్రదారంతో కట్టినది, మా అమ్మమ్మ పెట్టెలో చూశాను. ఊరి కోసం ఒకరు చావాలనే చోట నేను ఊరి పక్షాన నిలబడలేను.

తెరవెనుక:
అంటే యొరుబాలు అనాగరికులు, దొర రక్షకుడు. అంతేనా?

మంజీర:
అనని మాట నా నోట పెట్టకండి. దొర ఎవరినీ రక్షించలేదు. ఇంగ్లండులో వైద్యం చదువుతున్న ఎలెసిన్ కొడుకు ఓలుండే తండ్రికి బదులు తానే ప్రాణం తీసుకున్నాడు. ఆ శవాన్ని చూసి తండ్రి సంకెలతోనే ఉరి బిగించుకున్నాడు. అక్కడ మీకు తెగిన దారి కనిపిస్తోంది. నాకు చదువు సగంలో ఆగిన కుర్రవాడు కనిపిస్తున్నాడు.

తెరవెనుక:
ఎలెసిన్ వెళ్లాడు గానీ ఎంతో ఆలస్యమైందని ఇయలోజాయే అంటుంది. తర్వాత ఆ కొత్త పెళ్లికూతురు మట్టితో అతని కళ్లు మూస్తుంది. ఇంత రాసి, ఆమె గురించి నేను ఆలోచించనే లేదు.

మంజీర:
నాటకమంతటా ఆమెకు ఒక్క మాట లేదు.

కృష్ణాతీరం:
ఆ పిల్లను కోరింది ఎలెసిన్, ఇచ్చింది ఇయలోజా. ఒప్పుకుంటాను. సంకెళ్ల సంగతి మాత్రం వదలను.