పెద్దాయన జ్ఞాపకంగా గేటు దగ్గర విగ్రహమా, శనివారం కీర్తనల బడా?

బ్రాడీపేట కోయర్:
అందరికీ వందనాలు. మా గుంటూరు సంఘంలో నలభై ఏళ్లకు పైగా పెద్దగా ఉన్న తాతగారు ఈ వేసవిలో ప్రభువునందు నిద్రించారు. ఆదరణ కూడిక రోజే కొందరు లేచి, చర్చి గేటు పక్కన ఆయన పాలరాతి విగ్రహం పెడదామన్నారు. మూడు లక్షల దాకా పోగయ్యాయి. నవంబర్ 2న సమాధుల పండుగ లోపే పెట్టేయాలని తొందర. నాకు మనసొప్పడం లేదు. ఆయన మీద ప్రేమ లేక కాదు, నాకు పాట నేర్పిందే ఆయన.

మా పాత కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. స్వరాలు ఉండవు. మోహన రాగం, ఆది తాళం అని చదివినంత మాత్రాన వరస రాదు, ఎవరో పాడి వినిపించాలి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన కీర్తనలు మనదాకా వచ్చాయంటే ఒకరి నోటి నుంచి ఇంకొకరు పట్టుకోబట్టే. మా సంఘంలో ఆ నోరు తాతగారిది. చరణం తప్పితే కోప్పడేవారు కాదు, హార్మోనియం ఆపేసి మళ్లీ పల్లవి ఎత్తుకునేవారు. ఇప్పుడు పదాలు తెర మీద వస్తున్నాయి. పాత కీర్తన ఎత్తుకునే మనిషే లేడు. మూడు ఆదివారాలుగా ఒక్కటీ పాడలేదు.

ఆ డబ్బుతో శనివారం సాయంత్రాలు పిల్లలకు కీర్తనలు నేర్పిద్దామంటున్నాను. తప్పా?

అరండల్‌పేట పెద్దన్న:
తమ్ముడూ, నేను విగ్రహం వైపే. చందా ఇచ్చినవాళ్లలో మిర్చి యార్డులో కూలికి వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల ఇంట్లో జ్వరమొచ్చినా, చావొచ్చినా ముందు వచ్చి చాప మీద కూర్చున్నది ఆయనే. వాళ్లకు రాగాలు తెలియవు, ఆ ముఖం తెలుసు. యొర్దాను దాటాక యెహోషువ పన్నెండు రాళ్లు నిలబెట్టించింది ఎందుకు? ఇవేంటని పిల్లలు అడిగితే చెప్పడానికే కదా. పైగా సండే స్కూల్‌కే టీచర్లు దొరకడం లేదు. నీ కీర్తనల బడి ఏడాదిలో మూతపడితే ఆయనకు ఏం మిగులుతుంది?

నల్లపాడు:
విగ్రహం వాక్యానికి విరుద్ధం. మోషే సమాధి ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు.

పటమట చెల్లి:
నేను విజయవాడ, క్యాథలిక్‌ని. మాకు స్వరూపాలంటే ఇబ్బంది లేదు. కానీ ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు వచ్చి చూడండి, 9 నుంచి 11 దాకా ఊరూరి నుంచి జనం వచ్చి కొండ ఎక్కుతారు, మొక్కులు తీర్చుకుంటారు. అక్కడ చేసే పని ఉంది. మీ గేటు దగ్గర విగ్రహానికి మీవాళ్లు ఏం చేస్తారన్నా? మొక్కరు, మొక్కకూడదు కూడా. ఏడాదికోసారి దండ వేస్తారు. మిగతా రోజులు పక్కన స్కూటర్లు పెడతారు.

బ్రాడీపేట కోయర్:
నల్లపాడు గారూ, అంత మాట నేననను. మొక్కడానికి ఎవరూ పెట్టడం లేదు.

పెద్దన్నా, రాళ్ల మాట విన్నాక రాత్రంతా ఆలోచించాను. మిషనరీ డాక్టర్ కుగ్లర్ అమ్మగారు 1883లో మన గుంటూరు వచ్చి, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ కుగ్లర్ ఆసుపత్రి అనని రోజుందా? మా నాయనమ్మ కాన్పులన్నీ అక్కడే. బైబిల్లో దొర్కా చనిపోయినప్పుడు విధవరాళ్లు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలనే. తాతగారు కుట్టిన అంగీలు ఈ వరసలు. అవి చిరిగిపోతుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

బడి మూతపడుతుందన్న భయం మాత్రం నిజం. నేను మానేస్తే మూతపడుతుంది. అందుకే ఈ ఆదివారం మూడేళ్లకు నా పేరు రాసి కమిటీకి ఇస్తున్నాను. కూలికి వెళ్లే మనవాళ్లు చూసుకోవడానికి హాల్లో పెద్ద ఫోటో పెడదాం. అందులో నాకు పట్టుదల లేదు.

అరండల్‌పేట పెద్దన్న:
ఫోటో పెట్టి మిగతాది బడికంటే నేను ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను. విగ్రహమని చెప్పి తీసుకున్న డబ్బు, ఇచ్చినవాళ్లను అడగకుండా మార్చకూడదు. ఒక్కరు కాదన్నా వాళ్ల చందా వాళ్లకిచ్చేయాలి. తాతగారైతే లెక్క అలాగే చూసేవారు.

బ్రాడీపేట కోయర్:
సరే అన్నా. నేనూ నీతో వస్తాను.

పట్టాభిపురం:
ఇంతసేపూ చదువుతున్నాను. మా అమ్మ స్త్రీల సమాజంలో ఉన్నప్పుడు తాతగారు పాడినవి క్యాసెట్లలో ఎక్కించుకుంది. బీరువాలో ఏడు దొరికాయి. ఒకదాని మీద 'శ్రమల కాలపు కీర్తనలు' అని అమ్మ చేతిరాత ఉంది. మా టేప్ రికార్డర్ ఎప్పుడో పాడైంది. పనిచేసేది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, శనివారం తెస్తాను.