రెండో ప్రపంచ యుద్ధం నిజంగా ఎక్కడ మలుపు తిరిగింది: మాస్కోనా, స్టాలిన్‌గ్రాడా?

పదో తరగతి మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా, స్టాలిన్‌గ్రాడ్ దగ్గర యుద్ధం మలుపు తిరిగిందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగడం నాకు అలవాటు. ఈ ఏడాది ఒక విద్యార్థిని లేచి, "స్టాలిన్‌గ్రాడ్‌కు ఏడాది ముందే జర్మన్లు మాస్కో దగ్గర వెనక్కి తగ్గారు కదా సార్, మరి అది మలుపు ఎందుకు కాలేదు?" అని అడిగింది. తేదీలు చెప్పగలిగాను గానీ కారణం చెప్పలేకపోయాను. మర్నాడు చెబుతానని మాట ఇచ్చి, చదవడం మొదలుపెట్టాక నా సందేహం ఇంకా పెరిగింది. కొందరు మాస్కో అంటున్నారు, కొందరు 1943 నాటి కుర్స్క్ పోరు అంటున్నారు, పసిఫిక్ గురించి రాసేవారు ఆ సముద్రంలోని మిడ్వే దీవి దగ్గరి నౌకాయుద్ధం అంటున్నారు. ఒక యుద్ధాన్ని మలుపు అనడానికి అసలు కొలమానం ఏమిటి? పిల్లలకు అర్థమయ్యేలా, అలాగని తప్పు చెప్పకుండా, దీన్ని ఎలా వివరించాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

పటాల పాఠకుడు:

మాస్టారూ, మీ విద్యార్థిని పక్షాన నిలబడి జవాబు చెబుతాను. యుద్ధంలో ఒక పక్షం అంతకుముందు చేయగలిగి, ఆ తరువాత ఎన్నడూ చేయలేకపోయిన పని ఏమిటని చూడడమే నాకు తెలిసిన కొలమానం. 1941 జూన్ 22న జర్మనీ, దాని మిత్రదేశాలు 30 లక్షలకు పైగా సైనికులతో సోవియట్ యూనియన్ మీద దండెత్తినప్పుడు, వారు ఏకకాలంలో లెనిన్‌గ్రాడ్ వైపు, మాస్కో వైపు, కీవ్ వైపు మూడు దారుల్లో చొచ్చుకుపోయారు. చలికాలం రాకముందే ఎర్ర సైన్యాన్ని, అంటే సోవియట్ సైన్యాన్ని, తుడిచిపెట్టి యుద్ధం ముగించాలన్నది పథకం. అందుకే సైనికులకు చలి దుస్తులు కూడా సరిపడా సిద్ధం చేయలేదు.

సెప్టెంబరులో కీవ్ దగ్గర 6 లక్షలకు పైగా సోవియట్ సైనికులు బందీలయ్యారని జర్మనీ ప్రకటించింది. అక్టోబరులో మాస్కో మీదికి కదిలినప్పుడు వ్యాజ్మా, బ్రియాన్స్క్‌ల దగ్గర మరిన్ని సోవియట్ సైన్యాలు చిక్కుకున్నాయి. అంత నష్టం జరిగాక ఏ రాజ్యమైనా కూలిపోతుందని బెర్లిన్‌లో నమ్మారు. ఆ నమ్మకమే తప్పింది. శరదృతువు వర్షాలకు దారులు బురదమయమై బండ్లు కూరుకుపోయాయి. ఆ వ్యవధిలో సోవియట్ సేనాని జుకోవ్ రాజధాని చుట్టూ రక్షణను కూడగట్టాడు. దేశం పశ్చిమ భాగం నుంచి ఊడదీసిన 1,500కు పైగా కర్మాగారాలు రైళ్ళ మీద యూరల్ పర్వతాల వైపు, ఇంకా తూర్పుకు తరలిపోయాయి. ఈ తరలింపు గురించి పిల్లలకు తప్పక చెప్పండి. తరువాతి సంవత్సరాల్లో యుద్ధభూమికి వచ్చిన ట్యాంకుల్లో ఎన్నో ఆ కొత్త చోట్లలోనే తయారయ్యాయి.

డిసెంబరు 5న ఎర్ర సైన్యం ఎదురుదాడి మొదలుపెట్టింది. రెండు రోజులకు జపాన్ అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. డిసెంబరు 11న హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. ఒక్క వారంలో జర్మనీకి త్వరిత విజయం చేజారింది, ప్రపంచంలోకెల్లా పెద్ద పారిశ్రామిక శక్తి శత్రువయింది. 1942 వేసవిలో జర్మన్లు మళ్ళీ దాడికి దిగినప్పుడు మూడు దారుల్లో కదిలే సత్తువ లేక దక్షిణాన ఒక్క దిక్కులోనే కదిలారు. మలుపు మాస్కోదే అనడానికి నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం కనిపించదు.

వోల్గా గట్టు:

పైవారు చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు, తీర్పుతోనే ఉంది. మాస్కో తరువాత కూడా తరువాతి పోరు ఎక్కడ జరగాలో నిర్ణయించినది జర్మనీయే. 1942 మే నెలలో ఖార్కోవ్ దగ్గర సోవియట్ దాడిని దారుణంగా తిప్పికొట్టి, జూన్ 28న కాకసస్ చమురు బావుల వైపు బయలుదేరింది. ఆగస్టులో మైకోప్ చేరింది, బావులను సోవియట్లు ముందే ధ్వంసం చేశారు. ఓడిపోతున్న సైన్యం అంత దూరం వెళ్ళగలదా? ఆ వేసవిలో మాస్కోలో ఎంత కలవరం ఉండేదో, జూలై 28న స్టాలిన్ ఇచ్చిన 227వ ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. ఒక్క అడుగు కూడా వెనక్కి వేయరాదన్నది దాని సారాంశం.

స్టాలిన్‌గ్రాడ్ విషయంలో మన పుస్తకాలు వీధి పోరాటాల దగ్గరే ఆగిపోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. ఆగస్టు 23 బాంబు దాడితో నగరం శిథిలాల గుట్టయింది. చూయ్‌కోవ్ నాయకత్వంలోని సోవియట్ 62వ సైన్యం వోల్గా ఒడ్డున సన్నని పట్టీలా మిగిలిన నేలను పట్టుకుని వేలాడింది. తమ మీద విమానదాడులు జరగకుండా ఆ సైనికులు శత్రు కందకాలకు అతి దగ్గరగా మకాం పెట్టేవారు. ఆహారం, మందుగుండు, కొత్త మనుషులు రాత్రివేళ పడవల్లో నది దాటి రావలసిందే. ఇదంతా నిజం, ఇదంతా వీరోచితం. అయితే యుద్ధాన్ని తిప్పిన నిర్ణయం నగరానికి వెలుపల జరిగింది. ఆ కొద్ది నేలను నిలుపుకోవడానికి సరిపడినంత సహాయాన్నే నగరంలోకి పంపుతూ, జుకోవ్, వాసిలేవ్‌స్కీ మిగిలిన బలగాలను జర్మన్ల పార్శ్వాలకు ఎదురుగా రహస్యంగా చేర్చారు. ఒక పక్క మనుషులు చనిపోతుంటే, అందుబాటులో ఉన్న సైన్యాన్ని పంపకుండా రెండు నెలలు ఓపిక పట్టడం ఎంత కఠినమైన పనో ఆలోచించండి. 1941లో ఆ ఓపిక వారికి లేదు, అంతకన్నా ముఖ్యంగా ఆ వీలు లేదు.

నవంబరు 19న ఉత్తరం నుంచి, 20న దక్షిణం నుంచి దాడి మొదలైంది. పార్శ్వాలను కాపాడుతున్న రొమేనియా సైన్యాలకు ట్యాంకులను ఆపే ఫిరంగులు చాలినన్ని లేవు. 23వ తేదీకి రెండు కొసలు కలుసుకున్నాయి. నగరం మీద దాడి చేస్తున్న జర్మన్ ఆరవ సైన్యంతో సహా రెండున్నర లక్షల మందికి పైగా లోపల చిక్కుకున్నారు. విమానాల ద్వారా సరఫరా చేస్తానని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ మాట ఇచ్చాడు. రోజుకు కనీసం 300 టన్నులు కావలసిన చోట సగటున 100 టన్నులకు కాస్త అటూ ఇటూగా మాత్రమే చేరింది. డిసెంబరులో జర్మన్ సేనాని మాన్‌స్టయిన్ విడిపించడానికి చేసిన ప్రయత్నం దారిలోనే నిలిచిపోయింది. 1943 జనవరి 31న ఆరవ సైన్యం అధిపతి పౌలస్ లొంగిపోయాడు, ఫిబ్రవరి 2న ఉత్తర భాగం కూడా లొంగింది. బందీలైన సుమారు 91,000 మందిలో ఇళ్ళకు తిరిగి వెళ్ళినవారు దాదాపు 6,000 మంది.

పోయినది ఒక్క ఆరవ సైన్యమే అనుకోకండి. ఆ చలికాలంలో డాన్ నది పొడవునా రొమేనియా, ఇటలీ, హంగరీ సైన్యాలు ఒకదాని తరువాత ఒకటి ఛిద్రమయ్యాయి. కాకసస్‌లో ఉన్న జర్మన్ దళాలు ఉచ్చులో పడకుండా వెనుదిరగవలసి వచ్చింది, దానితో కాకసస్‌లోని బాకూ చమురు ఆశ కూడా పోయింది. దండయాత్రకు కారణమే చేజారినప్పుడు దాన్ని మలుపు అనడం న్యాయం.

విశాఖ తీరం:

ఇద్దరి చర్చా శ్రద్ధగా చదివాను. ఇద్దరూ ఒకే ఖండంలో తిరుగుతున్నారు కనుక సముద్రం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. మా ఊళ్ళో ఈ యుద్ధం పుస్తకాల్లోని విషయం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక 'ర్యూజో' నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. అంతకు ముందు రోజు మరో పెద్ద జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది, 9న ట్రింకోమలీ మీద విరుచుకుపడింది. అప్పటికి నెల కిందటే రంగూన్ పతనమైంది. అక్కడ కూలిపనులు, చిరువ్యాపారాలు చేసుకునే మన తెలుగువారు ఎందరో ప్రాణాలు అరచేత పట్టుకుని ఇంటిదారి పట్టారు. ఆ ఏప్రిల్ నెలలో బంగాళాఖాతంలో బ్రిటిష్ నౌకాదళం జపాన్‌కు ఎదురు నిలవలేని స్థితిలో ఉంది.

రెండు నెలలు గడిచాయి. కొలంబో మీదికి వచ్చిన 'అకాగి', 'సోర్యూ', 'హిర్యూ' నౌకలు మూడూ 'కాగా'తో పాటు మిడ్వే దగ్గర మునిగిపోయాయి. జపాన్ రహస్య సందేశాల్లో దాడి లక్ష్యాన్ని ఒక సంకేతంతో సూచించేవారు. అది మిడ్వేయేనా అని తేల్చుకోవడానికి, ఆ దీవిలో మంచినీటి యంత్రం చెడిపోయిందని అమెరికన్లు బాహాటంగా రేడియోలో చెప్పించారు. ఆ సంకేతం ఉన్న చోట నీటి కొరత ఉందని జపాన్ వారు తమలో తాము చెప్పుకోగానే గుట్టు బయటపడింది. జూన్ 4 ఉదయం కొన్ని నిమిషాల వ్యవధిలోనే నాలుగు నౌకలూ అగ్నికి ఆహుతయ్యాయి. అమెరికా కోల్పోయిన విమానవాహక నౌక 'యార్క్‌టౌన్' ఒక్కటే.

అయినా నా దృష్టిలో మిడ్వే కన్నా, పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి కోసం జరిగిన పోరు ముఖ్యం. 1942 ఆగస్టు 7న మొదలైన ఆ పోరు ఆరు నెలలు సాగి, జపాన్ అనుభవజ్ఞులైన పైలట్లను, నౌకలను నెలనెలా హరించింది. మా విశాఖ మీద బాంబులు వేసిన 'ర్యూజో' కూడా ఆ ప్రాంతంలోనే ఆగస్టు 24న మునిగింది. జపాన్ చివరి సైనికులు ఆ దీవి విడిచి వెళ్ళినది 1943 ఫిబ్రవరి 7న, అంటే స్టాలిన్‌గ్రాడ్ లొంగుబాటు తరువాత అయిదో రోజున.

పదో తరగతి మాస్టారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. "ముందు చేయగలిగి, తరువాత చేయలేకపోయిన పని" అన్న కొలమానం పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. విశాఖ సంగతి చదివాక, సముద్రం పక్కనే ఉండి కూడా ఇన్నేళ్ళూ ఈ పాఠంలో దాన్ని చెప్పలేదే అని మనసుకు కష్టంగా ఉంది. ఒక్క సందేహం మిగిలింది. జర్మన్లు 1943లో కుర్స్క్ దగ్గర మళ్ళీ పెద్ద దాడి చేశారు కదా. పోరు ఎక్కడ జరగాలో నిర్ణయించే చొరవ స్టాలిన్‌గ్రాడ్‌తోనే పోయి ఉంటే అది ఎలా సాధ్యమైంది?

కొండదారి:

మాస్టారూ, ముందుగా విశాఖ తీరం గారికి ఒక చిన్న సవరణ. మిడ్వేలో ఆ కొన్ని నిమిషాల్లో దెబ్బతిన్నవి మూడు నౌకలే. 'హిర్యూ' తప్పించుకుని, దాని విమానాలే 'యార్క్‌టౌన్'ను దెబ్బతీశాయి. ఆ సాయంత్రం గానీ 'హిర్యూ' వంతు రాలేదు.

ఇక కుర్స్క్. జర్మనీ ఆ దాడిని జూలై 5న మొదలుపెట్టింది. అయితే సోవియట్ పక్షానికి అది ముందే తెలుసు. వరుస వెంబడి వరుసగా కందకాలు తవ్వి, మందుపాతరలు పరిచి ఎదురుచూసింది. జూలై 10న మిత్రరాజ్యాలు సిసిలీలో దిగాయి. 13న హిట్లర్ సేనానులను పిలిచి దాడి విరమించాలని చెప్పాడు. 1941లో నెలల తరబడి సాగిన దండయాత్ర 1942లో వోల్గా వరకు వెళ్ళింది, 1943లో రెండు వారాలు కూడా నిలవలేదు. మీ కొలమానంతోనే దీన్ని కొలిచి చూపవచ్చు.

పటం మీద చూపడానికి మరో తేదీ ఇస్తాను. 1944లో జపాన్ సైన్యం బర్మా వైపు నుంచి ఇంఫాల్, కొహీమాల మీదికి వచ్చింది. కొహీమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ మైదానానికి అటూ ఇటూ చేరి రెండు సైన్యాలు పోరాడాయి. అక్కడ నిలబడినవారిలో మన దేశపు సైనికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. జపాన్ పక్షాన ఆజాద్ హింద్ ఫౌజులోనూ మనవారే ఉన్నారు. ఈ రెండు మాటలూ పిల్లలకు కలిపి చెప్పాలని నా మనవి. జూన్ 22న ఇంఫాల్ నుంచి వచ్చిన దళాలు, కొహీమా నుంచి వచ్చిన దళాలు 109వ మైలురాయి దగ్గర కలుసుకోవడంతో, జపాన్ సైన్యం మూసివేసిన ఇంఫాల్-కొహీమా దారి తెరుచుకుంది. జర్మనీ రష్యాలో అడుగుపెట్టి ఆ రోజుకు సరిగ్గా మూడేళ్ళు. అదే 22, 23 తేదీల్లో బెలారస్‌లో ఎర్ర సైన్యం తన అతి పెద్ద దాడుల్లో ఒకటి మొదలుపెట్టి, 1941లో మాస్కో ముంగిట నిలిచిన ఆ జర్మన్ సైన్య సమూహాన్నే కొద్ది వారాల్లో ఛిన్నాభిన్నం చేసింది.